అంగడి అద్దము, సబ్బు ముక్క: హాలోవీన్ అలంకారముల కథ

నేడు నేను విన్నవింపబూనిన విషయము మన దేశమునకు చెందినది కాదు. అక్టోబరు నెల 31వ తేదీ రాత్రి అమెరికా దేశమున హాలోవీన్ అను పండుగ జరుగును. ఆ పండుగకు అక్కడి చిన్న అంగళ్ళవారు తమ వాకిటి యద్దములను స్వల్పవ్యయముతో నెట్లు అలంకరించుకొనిరి, ఆ యలంకారమునకును ఊరి బాలుర నడవడికిని ఏమి సంబంధము కలిగెను, అనునది ప్రసంగ విషయము. ఇది మనకేల యని మీలో కొందరికి తోచవచ్చును. మన తెలుగు జిల్లాల పల్లెలనుండి పోయి ఆ దేశమున కాపురములు పెట్టుకొన్నవారు నేడు లక్షలకొలది గలరు. దసరాకు బొమ్మల కొలువు తీర్చిన యింటనే, కొలది దినములకు, పిల్లలు గుమ్మడికాయకు కన్నులును నోరును చెక్కి వాకిట నుంచుచున్నారు. ఆ ఛాయాపటములు ఇచటి తాతలకును అమ్మమ్మలకును చేరుచున్నవి. చూచినవారు ఇదేమి దిష్టిబొమ్మల పండుగ యని విస్తుపోవుచున్నారు. దాని కథ కొంత తెలిసియుండుట మేలుగదా!

మొదట పండుగ పేరును విచారింతము. క్రైస్తవ మతమున నవంబరు 1వ తేదీ సకల పుణ్యపురుషుల దినము. పుణ్యపురుషుని పాత ఇంగ్లీషున హాలో అందురు. ఆ దినమునకు ముందటి సాయంకాలము హాలోవీన్. నవంబరు 2వ తేదీ గతించిన సామాన్యుల యాత్మలకొరకు ప్రార్థించు దినము. ఈ మతము రాకపూర్వమే ఐర్లండు, స్కాట్లండు దేశములలో సౌవిన్ అను పర్వముండెను. పంట యిల్లు చేరి, పశువులు కొండ మేతలనుండి దిగివచ్చి, చలికాలము ప్రారంభమగు సంధి అది. ఆ రాత్రి ఈ లోకమునకును పరలోకమునకును నడుమనున్న తలుపు తెరచుకొనునని వారి నమ్మకము. కావున మంటలు వేసి, దీపములు పెట్టి, వికృత వేషములు ధరించెడివారు. మన మహాలయ పక్షమును ఇది కొంత తలపింపజేయును. అయినను మనది తర్పణ ప్రధానమైన పితృకార్యము. వారిది భయమును పరిహాసముగా మార్చుకొను వేడుక. పోలిక అంతవరకే.

ఇక దీపముల సంగతి. ఐర్లండు రైతునకు ఆ దినములలో గాజు బుడ్డి కొనుట కష్టము. వాని చేతనున్నది పొలములోని టర్నిప్పు దుంప. అది ముల్లంగికి జ్ఞాతి, గుండ్రనిది, మిక్కిలి గట్టిది. దానిని కత్తితో తొలిచి, కన్నులును కోరలును చెక్కి, లోపల క్రొవ్వొత్తి ముక్క యుంచినచో భయంకరమైన ముఖము వెలుగును. ఐర్లండు జాతీయ ప్రదర్శనశాల వారి గ్రామజీవన శాఖ మేయో జిల్లాలో నున్నది. డొనెగల్ జిల్లానుండి 1943లో వచ్చిన యట్టి దుంప ముఖమునకు పోతపోసిన ప్రతిరూపము అందు గలదు. దానిని చూచినవారికి నేటి నవ్వు మొగపు గుమ్మడికాయ గుర్తునకు రాదు. ఎండిన పుఱ్ఱె గుర్తునకు వచ్చును. ఈ యలంకారమునకు పుట్టుకనుండియు ఖర్చు లేదు. పొలమున మిగిలిన దుంప, వంటింట మిగిలిన క్రొవ్వొత్తి, ఇంటనున్న కుఱ్ఱవాని చేయి - ఈ మూడే దాని మూలధనము.

1845లో ఐర్లండున ఆలుగడ్డ పంటకు తెగులు సోకెను. 1852 వరకు సాగిన ఆ ఘోర క్షామమున సుమారు 10 లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు దేశము విడిచి పోయిరి. వారిలో అధికులు అమెరికా చేరిరి. స్కాట్లండువారు అంతకుముందునుండియు పోవుచునే యుండిరి. వారు తీసికొనిపోయిన కొలది యాస్తిలో ఈ పండుగ యొకటి. అమెరికాలో వారికి టర్నిప్పునకు బదులు గుమ్మడికాయ లభించెను. అది పెద్దది, మెత్తనిది, లోపల బోలుగా నుండునది. పసిపిల్లవాడైనను చెంచాతో తోడివేయగలడు. ఆ గుమ్మడి అమెరికా ఖండపు స్వంత పంట. మన పెరళ్ళలో పందిరిపై ప్రాకు తియ్యగుమ్మడియు 1492 తరువాత ఆ ఖండమునుండి ఓడలమీద వచ్చినదే. గుమ్మమున దిష్టికి వ్రేలగట్టు బూడిదగుమ్మడి మాత్రము మన ఆసియా ఖండపు ప్రాచీన సంతానము. ఈ విధముగా అమెరికా కాయ ఐర్లండు ముఖమును ధరించినది.

ఇప్పుడు అంగడికి వత్తము. పూర్వము పాశ్చాత్య దేశములలోగూడ అంగడి కిటికీలకు చిన్న చిన్న అద్దపు పలకలనే కఱ్ఱ చట్రములలో బిగించెడివారు. పెద్ద యద్దము చేయుట కష్టము, కొనుట యంతకన్న కష్టము. ఇంగ్లండులో గాజుపై సుంకము 1845లోను, కిటికీలపై పన్ను 1851లోను రద్దయ్యెను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున 1883లో స్థాపితమైన కర్మాగారము పెద్ద పలకల యద్దమును ఆ దేశముననే విరివిగా చేయసాగెను. దానితో నిలువెత్తు అద్దము సామాన్యపు అంగడికిగూడ అందుబాటునకు వచ్చెను. ఆ యద్దము వెనుక సరకును అందముగా అమర్చి బాటసారిని ఆకర్షించు స్థలమును మనము ప్రదర్శన గవాక్షమందము. అంగడివాడు గొంతెత్తి పిలువనక్కర లేకుండ అద్దమే పిలుచునన్నమాట.

ఈ గవాక్షకళకు మొదటి యుపాధ్యాయులలో నొకని కథ వినదగినది. ఫ్రాంక్ బామ్ అను నాతడు 1888లో డకోటా ప్రాంతమున అబర్డీన్ అను ఊర అంగడి పెట్టెను. కఱవు వచ్చి రైతుల చేత డబ్బు లేకపోయెను. ఆతడు కోరినవారికెల్ల అరువిచ్చెను. అంగడి 1890 నాటికి మూతపడెను. పిదప షికాగో చేరి, పింగాణి సామానుల వ్యాపార ప్రతినిధిగా ఊరూర తిరుగుచు, ఏ యంగడి యెదుట జనము నిలుచుచున్నారు, ఏ యంగడిని చూడక దాటిపోవుచున్నారు అని గమనించెను. 1897లో ప్రదర్శన గవాక్షము అను నర్థము గల పేరుతో నొక పత్రికను స్థాపించెను. మరుసటి సంవత్సరము గవాక్షాలంకారకులకు జాతీయ సంఘమును నెలకొల్పెను. 1900లో ఆ కళపై గ్రంథము ప్రకటించెను. అదే సంవత్సరమున ఆతడు బాలలకై వ్రాసిన ఆజ్ మాంత్రికుని కథ వెలువడి లోకమెల్ల ప్రసిద్ధిచెందెను. తాను వర్తకమున నష్టపోయినవాడు ఇతరులకు వర్తకపు నేర్పును బోధింపగలిగెను.

బామ్ మెచ్చిన గవాక్షములలో తిరుగు చక్రములు, రెక్కలాడించు కృత్రిమపు సీతాకోకచిలుకలు, విద్యుద్దీపములు మొదలగునవి యుండెను. షికాగోలోని మార్షల్ ఫీల్డ్ వంటి మహావిపణులకు అవి తగినవి. వారికి జీతగాండ్రగు చిత్రకారులును వడ్రంగులును ఉండిరి. అయితే చిన్న ఊరి మందుల అంగడివాడు, చెప్పుల అంగడివాడు, మిఠాయి అంగడివాడు ఏమి చేయవలెను? వాని చిక్కు మఱియొకటి గలదు. హాలోవీన్ ఒక్కరాత్రి పండుగ. నవంబరు 1వ తేదీ ఉదయమునకు దయ్యపు బొమ్మ విలువ గవ్వకు తక్కువ. ఆ వెంటనే నవంబరు చివర పంటకు కృతజ్ఞత తెలుపు పండుగయు, డిసెంబరులో క్రిస్మసును వచ్చును. ఉన్న కొలది ధనమును మొదటి పండుగకే వ్యయము చేసినచో అమ్మకము హెచ్చుగా నుండు క్రిస్మసునకు చేయి వట్టిదగును.

కావున చిన్న అంగళ్ళవారు పొలమును ఆశ్రయించిరి. ఎండిన మొక్కజొన్న చొప్ప కట్టలు రెండు, ఒక గడ్డిమోపు, రాలిన యెఱ్ఱని యాకులు, నాలుగైదు గుమ్మడికాయలు, ప్రాత చొక్కాయలో గడ్డి కూరిన దిష్టిబొమ్మ - వీనికి పరిచయస్థుడగు రైతు పుచ్చుకొనునది స్వల్పము. ఇందు మఱియొక లాభము కలదు. చొప్పయు గుమ్మడియు దయ్యముల గుర్తులు గావు, పంటకు గుర్తులు. నల్లపిల్లిని, గబ్బిలమును తీసివేసినచో మిగిలిన యలంకారము కృతజ్ఞతా పండుగ వరకు నిలుచును. ఒక వ్యయము రెండు పండుగలను గడపును. చెక్కిన గుమ్మడి కొలది దినములలోనే క్రుళ్ళి వాడును. చెక్కని కాయ వారములకొలది నిలుచును. దీనినెరిగినవాడు కాయను చెక్కక, నల్లని కాగితపు కన్నులును నోరును అతికించి, పండుగ పిదప వానిని ఊడబెఱికి కాయను కూరకు వినియోగించుకొనవచ్చును. మన గృహిణులకు ఈ నేర్పు క్రొత్తగా చెప్పనక్కర లేదు.

పొలము తరువాత సాయపడినది కాగితము. మసాచుసెట్సు రాష్ట్రమున ఫ్రామింగ్‌హామ్ అను ఊర డెన్నిసన్ అను సంస్థ యుండెను. 1844లో నగలు పెట్టు అట్ట పెట్టెలతో ప్రారంభమైన ఆ వ్యాపారము క్రమముగా క్రేపు అను ముడతల కాగితమునకు ప్రసిద్ధిచెందెను. ఆ సంస్థ 1909లో దయ్యముల పుస్తకమను నర్థము గల పేరుతో ఒక చిన్ని పొత్తమును ప్రకటించెను. నారింజ రంగు కాగితమును, నల్ల కాగితమును ఎట్లు కత్తిరింపవలెను, ఎట్లు మెలిత్రిప్పి వ్రేలాడదీయవలెను, తెరలును టోపీలును ఎట్లు చేయవలెను అని బొమ్మలతో అందు వివరించిరి. 1912 తరువాత నించుమించు ఏటేట అట్టి పొత్తములు వెలువడుచు వచ్చెను. పెన్సిల్వేనియాలో బైసిల్ అను మఱియొక సంస్థ మడిచిన తేనెపట్టు వలె విప్పుకొను కాగితపు గుమ్మడులను, అట్ట అస్థిపంజరములను చేసి అమ్మసాగెను. ఇవి మడిచి పెట్టెలో దాచుకొనదగినవి. మరుసటి యేటికి మరల పనికివచ్చును. పొలపు సామగ్రి ఒక్క యేడు రెండు పండుగలను గడపగా, కాగితపు సామగ్రి పలుయేండ్లు ఒక్క పండుగను గడపినది.

చవుకగా చేసిన గవాక్షము కంటికి చవుకగా కనబడకుండుటకు కొన్ని సూత్రములు గలవు. పగటివేళ వీధిలోని వెలుగు గవాక్షములోని వెలుగుకన్న హెచ్చు; అందుచే అద్దము దర్పణమై చూపరి ముఖమునే చూపును. చీకటిపడిన వెంటనే స్థితి తలక్రిందులగును. ఆ యుత్తర దేశములలో అక్టోబరు చివర సంధ్య త్వరగా వచ్చును గనుక ఒక్క దీపము పది బొమ్మల పని చేయును. వెనుక నల్లగుడ్డ కట్టి, ఒక పెద్ద ముఖమును మాత్రము నిలిపి, దాని వెనుకనో క్రిందనో దీపముంచినచో నీడ పెరిగి తానే యొక దయ్యమగును. నీడకు వెల లేదు. పదునైదు వస్తువులను క్రిక్కిరిసి పేర్చిన గవాక్షమున నడచిపోవువాని కన్ను దేనిమీదను నిలువదు. చుట్టు ఖాళీ విడిచిన ఒక్క వస్తువుపై నిలుచును. ఇది పద్యమునకును గవాక్షమునకును సమానమైన నియమము. అయితే ఒక హెచ్చరిక: క్రేపు కాగితము, ఎండు చొప్ప, క్రొవ్వొత్తి - ఈ మూడింటిని ఒకచోట చేర్చుట అగ్నిని ఇంటికి పిలుచుటయే. పొదుపు పేరిట ఈ ప్రమాదమును కొనితెచ్చుకొనరాదు.

ఇంతవరకు అంగడివాని వైపునుండి చెప్పితిని. అద్దమునకు వీధివైపు గూడ నున్నది గదా! ఆ వైపున ఊరి కుఱ్ఱకారు ఉండిరి. హాలోవీన్ రాత్రి అల్లరి చేయుట వారి హక్కని తలచెడివారు. దొడ్డి తలుపులు ఊడదీయుట, బండి చక్రములు విప్పుట, మరుగు పాకలను పడద్రోయుట, ఆవులను నడివీధిలోనికి తోలుట ఆ కాలపు వినోదములు. అంగడి యద్దములు పెద్దవైన కొలది క్రొత్త వినోదము పుట్టినది. ఎండిన సబ్బు ముక్కను తీసికొని అద్దమంతట గీతలు గీయుటయే అది. సబ్బైనచో ఒక పూట కడుగుటతో పోవును. కొంటెవారు మైనమును వాడెడివారు. అది నీటికి లొంగదు, గీకివేయవలసినదే. అంగడివాడు కష్టపడి కూర్చిన గవాక్షము పండుగనాటి రాత్రియే కనబడకుండ పోయెడిది. కొన్నియెడల ఆ రాయి యీ రాయి తగిలి అద్దమే పగిలెడిది. అలంకారమునకు పొదుపు చేసిన పైకము అద్దపు మరమ్మతునకు పోయినచో ఫలమేమి?

మిన్నెసోటా రాష్ట్రమున అనోకా అను చిన్న పట్టణమున ఈ బాధ మిక్కుటమయ్యెను. ఆవులు ప్రధాన వీధిలో తిరుగుట, అద్దములు సబ్బు పూతలతో నిండుట చూచి పెద్దలు ఒకచోట చేరి యాలోచించిరి. దండన హెచ్చించుటకు బదులు 1920లో బాలురకందఱకు వేషములు వేయించి ఊరేగింపు జరిపించిరి. చివర వేరుసెనగలు, పేలాలు, మిఠాయి పంచిరి. వెయ్యిమందికి పైగా పిల్లలు పాల్గొనిరి. ఆ రాత్రి పిల్లలకు పని దొరకినది గనుక అల్లరికి తీరిక చిక్కలేదు. 1937లో ఆ ఊరి 12 ఏండ్ల బాలుడొకడు ప్రతినిధియై రాజధాని వాషింగ్టనునకు పోయి, తమ ఊరిని ప్రపంచ హాలోవీన్ రాజధానిగా గుర్తింపుడని కోరుట ఆ ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ ఊరేగింపు నేటికిని జరుగుచున్నది.

అయినను అన్ని పట్టణములును అనోకాలు కాలేదు. 1929 అక్టోబరులో అమెరికాలో వాటాల విపణి కూలెను. 1933 నాటికి పనిచేయగలవారిలో సుమారు నాల్గవ వంతు నిరుద్యోగులైరి. తండ్రులకు పనిలేని యిండ్లలోని బాలుర యల్లరి వినోదపు హద్దులు మీరెను. ఆ దశాబ్దమున మిఠాయి యిచ్చెదరా, అల్లరి చేయమందురా యని యింటింట నడుగు ఆచారము వ్యాపించుట ఇందుకొక విరుగుడు. పిదప యుద్ధము వచ్చెను. 1942 మే నెలనుండి 1947 జూను వరకు పంచదారకు రేషను. మిఠాయికి కొఱత వచ్చెను. 1942లో షికాగో నగరసభ హాలోవీన్ పండుగనే తొలగించి దానికి బదులు వస్తుసంరక్షణ దినము జరుపవలెనని తీర్మానించెను. యుద్ధకాలమున అద్దమును సబ్బును పాడుచేయుట దేశమునకే నష్టమని వారి యభిప్రాయము. పండుగ తీర్మానముతో పోలేదు. పండుగలు సభలలో పుట్టవు గనుక సభలలో చావవు.

ఈ యిక్కట్లనడుమ కొన్ని యూళ్ళలో నొక చిన్న యుపాయము తోచినది. కుఱ్ఱవాడు అద్దముమీద గీయగోరుచున్నాడు. అంగడివాడు అద్దముమీద బొమ్మ కోరుచున్నాడు. ఇద్దరి కోరిక యొక్కటే. కావలసినది అనుమతియు రంగును మాత్రమే. ఈ యాలోచనతో 1940, 1950 దశాబ్దములలో అమెరికా పట్టణములెన్నింటనో హాలోవీన్ గవాక్ష చిత్రలేఖన పోటీలు వ్యాపించెను. పాఠశాలయో, వర్తక సంఘమో, ఊరి క్రీడాశాఖయో నిర్వహించును. అంగడివాడు తన యద్దమును ఇచ్చును. ఇద్దరు ముగ్గురు పిల్లలు జట్టుగా చేరి ముందుగా కాగితముపై నమూనా గీసి చూపవలెను. ఆమోదము లభించిన పిదప పండుగకు కొలది దినముల ముందు, పగటివేళ, అందఱును చూచుచుండగా అద్దమునకు వీధివైపున దానిని చిత్రింపవలెను. మంచి చిత్రములకు చిన్న బహుమానములు.

రంగు చేయు విధము గమనింపుడు. నీటిలో కలియు పొడిరంగును గంజివలె చిక్కగా కలుపుదురు. ఒట్టి రంగు గాజునకు అంటుకొని ఎండిన పిదప కడుగుట కష్టము. కావున అందు కొంచెము సబ్బు నీరు కలుపుదురు. అట్లు కలిపిన రంగు తడిగుడ్డతో రుద్దినంతనే వదలిపోవును. శ్రోతలారా, ఇక్కడ కొంచెము నిలుతము. ఏ సబ్బు ముక్క ఇరువది ముప్పది యేండ్లు అంగడివానికి శత్రువై యుండెనో, అదే సబ్బు రంగులో కలిసి అద్దమునకు రక్షకమైనది. వస్తువు మారలేదు, అద్దము మారలేదు, కుఱ్ఱవాడును మారలేదు. వాని చేతికి కుంచె యిచ్చి, వాని పేరును బొమ్మ మూల వ్రాయనిచ్చిన పెద్దల బుద్ధి మారినది.

దీని జమాఖర్చులు చూతము. అంగడివాని ఖర్చు: కొలది రంగుపొడి, రెండు కుంచెలు, ఒక బొక్కెన నీరు, కడుగుటకు ఒక పూట శ్రమ. రాబడి: మొదటిది, అలంకారము. రెండవది, బొమ్మ వేసిన పిల్లవాని తల్లియు తండ్రియు తాతయు దానిని చూడవచ్చి ఆ యంగడి యెదుట నిలుచుట. అంత జనమును ఆపుటకు మహావిపణులవారు తిరుగు చక్రములును కదలు బొమ్మలును పెట్టవలసివచ్చెను. మూడవది, కావలి. తాను చిత్రించిన యద్దమును తాను పాడుచేయు బాలుడుండడు. తోటివాని చేతినిగూడ పట్టి యాపును. కాపలావానికి జీతమిచ్చినను దొరకని కావలి ఇది. పిల్లవాని గీతలు వంకరగా నుండవచ్చును. పిల్లికి అయిదు కాళ్ళున్నట్లు కనబడవచ్చును. అయినను ఊరివారు ఆ వంకర గీతలనే వెదకికొని వచ్చి చూచుచుండిరి.

ఈ యుపాయము సర్వరోగనివారిణి యని చెప్పుట అతిశయోక్తి యగును. బాలుర యల్లరికి ఊరి పెద్దలు పని కల్పించి సరిదిద్దగలరుగాని, ఊరి బ్రతుకుతెరువే చెడినప్పుడు కుంచెయు రంగును చాలవు. డెట్రాయిట్ నగరమున కార్ల కర్మాగారములు క్షీణించి, వేలకొలది యిండ్లు పాడుపడిన కాలమున, హాలోవీన్ ముందు రాత్రి ఇండ్లకు నిప్పు పెట్టుట మొదలయ్యెను. 1984లో పండుగ దినములలో 800 వరకు అగ్నిప్రమాదములు జరిగెను. అచట 1995 మొదలు వేలకొలది పౌరులు స్వచ్ఛందముగా వీధివీధి రాత్రులు కావలి కాయగా అది తగ్గుముఖము పట్టెను. అక్కడను మందు ఒక్కటే గమనింపుడు: ఊరు తమదని యెంచినవారు వీధిలోనికి వచ్చుట.

నేడు హాలోవీన్ ఒక మహావ్యాపారమైనది. 2023లో అమెరికావారు ఆ పండుగకై 1200 కోట్ల డాలర్లకు పైగా వ్యయము చేయుదురని ఆ దేశపు వర్తక సంఘము అంచనా కట్టెను. గాలి నింపిన దయ్యములు, విద్యుత్తుతో నవ్వు పుఱ్ఱెలు, ప్లాస్టిక్ సాలెగూళ్ళు ఓడలకొలది దిగుమతి యగుచున్నవి. పండుగ మరునాటికి వానిలో చాలభాగము చెత్తకుప్ప చేరును. అయినను న్యూయార్కు నగరమునకు సమీపమున రై అను ఊరివంటి చోట్ల ఏటేట అక్టోబరులో పిల్లలు అంగడి యద్దములపై బొమ్మలు వేయుచునే యున్నారు. కొన్నిచోట్ల తండ్రి బాల్యమున బొమ్మ వేసిన వీధిలోనే నేడు కుమార్తె వేయుచున్నది. కొన్నాళ్ళకు ఆ బొమ్మ నీటితో కడుగుకొనిపోవును, చెత్త మిగులదు.

మన తెలుగు బిడ్డలును ఆ యూళ్ళలో ఉన్నారు. వారును ఆ కుంచెలు పట్టుచున్నారు. ఇల్లు విడిచి పోయినవారు క్రొత్త వీధిని తమ వీధిగా నెంచుకొనుటకు ఇంతకన్న సులభమైన మార్గము లేదు. ఐర్లండునుండి ఆకలితో వచ్చినవారు దుంపకు బదులు గుమ్మడిని పుచ్చుకొని చేసినదియు ఇదియే. మీ మనుమరాలు అద్దముపై గీసిన నల్లపిల్లి ఛాయాపటము ఈ సారి మీకు చేరినప్పుడు, అది దయ్యములయెడ భక్తి యని కలత చెందకుడు. ఆమెకు ఊరివారు తమ యద్దమును నమ్మి యిచ్చినారని గ్రహింపుడు.

అలంకారమునకు ధనము తక్కువైనచోట మనుష్యుల చేతులు అక్కరకు వచ్చును. చేతులు కలిసిన చోట ఊరికి కావలి తానే యేర్పడును. ఆ దేశపు చిన్న అంగళ్ళవారు నూఱేండ్ల అనుభవముతో తెలిసికొన్న విషయమిది. మన యూళ్ళలో పాఠశాల గోడలు, గ్రంథాలయపు గోడలు, పంచాయతీ చావడి గోడలు ఉన్నవి. వానిపై బొగ్గుతో గీయు బాలురును ఉన్నారు. వారిని తఱుముటకు ముందు వారి చేతికి ఏమి యియ్యవచ్చునో పెద్దలైన మీరు ఒకసారి యాలోచింపుడు.